ఎర్రగీత దాటని ముల్లు

దర్జీ ఆవిడకి జబ్బు చేసి కుడిచెయ్యి పడిపోయింది. కొన్నాళ్లకి తిరిగొచ్చిందని డాక్టరు అన్నాడు గానీ ఆవిడ ఒప్పుకోలేదు.

"ఇంటి మనిషి తిరిగొచ్చినట్టు రాలేదండీ ఇది. చుట్టపుచూపుగా వచ్చి కూర్చుంది. పని చెబితే వినదు" అనేది.

నిజమే. ఆ చెయ్యి గ్లాసు పట్టుకుంటుంది, తలుపు తీస్తుంది. బొత్తాం పెట్టబోతే మాత్రం వేళ్లు తలోదారీ పడతాయి. ముందుగదిలో కోతబల్ల మీద కత్తెర, టేపు, సుద్దముక్క ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆవిడ రోజూ వాటి దుమ్ము దులిపి మళ్లీ అక్కడే పెట్టేది. ఎడమచేత్తోనే.

భర్త లిఫ్టు మెకానిక్. ఆయనకి దేవుడంటే భక్తి, లిఫ్టులంటే నమ్మకం. "లిఫ్టు తాడు తెగినా మనిషి పడడు. పక్కనున్న ఇనుప పట్టాలని దవడల్లాంటివి పట్టేసుకుంటాయి. లోపలున్నవాడికి అవి ఉన్నాయని కూడా తెలియదు" అని కొత్తగా ఎవరు పరిచయమైనా చెప్పేవాడు. ఆ దవడలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూడటమే ఆయన పనిలో పెద్ద భాగం. భార్యకి జబ్బు చేసిన దగ్గర్నించీ పొద్దున్నే పనికి బయల్దేరే ముందు ఆయన దేవుడి ఎదుట నిలబడి అడిగేది ఒక్కటే. "ఆవిడని పడనివ్వకు."

ఫిజియోథెరపీ అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది. దర్జీ ఆవిడ కొన్నాళ్లు పిసికింది. తర్వాత ఆ బంతి పీలికల డబ్బాలోకి వెళ్లిపోయింది.

"ఇన్నేళ్లు కత్తెర పట్టిన చేతికి బంతి ఇస్తారా? నేనేం ఉయ్యాల్లో ఉన్నానా?"

అప్పుడొచ్చాడు ఆవిడ తమ్ముడు. కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీస్తాడు. జుట్టు నెరుస్తున్నా పెళ్లి ఊసు లేదు, వీడియో గేముల పిచ్చి వదల్లేదు. తన పాత గేమ్ మెషీన్ సంచిలో వేసుకొచ్చి టీవీకి తగిలించాడు. తెర మీద ఒక వీధి, వీధి నిండా మెట్లు, కడ్డీలు, బెంచీలు. మధ్యలో చక్రాల పలక మీద ఒక పిల్ల.

"ఏంట్రా ఇది? నన్నిప్పుడు స్కేట్‌బోర్డు ఎక్కమంటావా?"

"నువ్వెక్కక్కర్లేదక్కా. అది ఎక్కుతుంది. నువ్వు బొటనవేలు ఆడిస్తే చాలు."

"దాని మొహం అదీనూ. ఎవరిదా పిల్ల?"

"ఎవరిదీ కాదు. నీ ఇష్టమొచ్చినట్టు తయారు చేసుకోవచ్చు. జుట్టు, చొక్కా, బూట్లు, అన్నీ."

ఆ మాటతో ఆవిడ కుర్చీ ముందుకి జరిగింది. మిగతా ఆట సంగతి తర్వాత, ముందు బట్టల సంగతి తేలాలి. ఆ పూటంతా ప్యాంట్లు మార్చడంతోనే గడిచింది. "ఈ ప్యాంటు కుట్టినవాడెవడో గానీ మోకాలి దగ్గర గుడ్డ దండగ చేశాడు. కంప్యూటర్లో గుడ్డకి ఖరీదు లేదు కాబట్టి సరిపోయింది" అంది. చివరికి పొట్టి చొక్కా, వదులు ప్యాంటు వేసి ఆ పిల్లకి 'మొద్దు' అని పేరు పెట్టింది.

మర్నాటి నుంచి తమ్ముడు ఆట నేర్పాడు. ఒక్కో ఆట రెండు నిమిషాలు. ఆ లోపల గాలిలో వేలాడే అక్షరాలు ఏరుకోవాలి, పాయింట్లు కూడబెట్టాలి. ఒక బటన్ నొక్కితే మొద్దు ఎగురుతుంది, ఇంకోటి నొక్కితే పలకని కాళ్ల కింద గిర్రున తిప్పుతుంది, మరోటి నొక్కితే మెట్ల పక్క కడ్డీ మీద వాలి జర్రున జారుతుంది. జారుతున్నంత సేపూ దాని తల మీద ఒక విల్లులాంటి గీత, అందులో ముల్లు. గీత రెండు కొసలూ ఎరుపు. ముల్లు ఎటు ఒరిగితే దానికి ఎదురు దిక్కుకి బొటనవేలితో రిమోట్ మీదున్న పుల్లని నెట్టాలి. ఎక్కువ నెట్టినా తప్పే, తక్కువ నెట్టినా తప్పే. ముల్లు ఎర్రగీత దాటిందా, మొద్దు దభీమని పడుతుంది.

"అసలు కిటుకు ఇక్కడుందక్కా. కడ్డీ మీంచి దిగగానే ఆగిపోకూడదు. వెనక చక్రాల మీద పలకని నిలబెట్టి అలాగే తూలుతూ పోయి ఇంకో కడ్డీ ఎక్కాలి. గొలుసు తెగకూడదు. ఎన్ని కలిపితే పాయింట్లు అన్నింతలు."

"ఓహో. ముక్కకీ ముక్కకీ మధ్య కచ్చా కుట్టు వేసుకున్నట్టు."

"అదే అనుకో."

"మరి మధ్యలో పడితే?"

"అంతా గోవిందా. చివర్న నాలుగు చక్రాల మీద శుభ్రంగా దిగితేనే ఆ పాయింట్లు నీవి. దిగేదాకా ఏదీ నీది కాదు."

ఆవిడ కాసేపు ఆలోచించి, "ఆట తయారు చేసినవాడు మనసున్నవాడో, లేనివాడో తెలియట్లేదురా" అంది.

మొద్దు పడింది. కడ్డీ మీద పడింది, బెంచీ మీద పడింది, ఏమీ లేని చదునైన నేల మీద కూడా పడింది. పడ్డ ప్రతిసారీ మోకాలు తడుముకుని లేచి పలక వెతుక్కునేది. మొదట్లో ఆవిడ నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది. ఎదురు దిక్కుకి నెట్టాలని ఆవిడకి తెలుసు. వేలు మాత్రం ఆలస్యంగా కదిలేది, లేదా ఒక్కసారిగా కొసదాకా పోయేది. ఒక సాయంత్రం భర్త ఇంటికొచ్చేసరికి గేమ్ రిమోట్ గది మూల పడి ఉంది. ఆవిడ కోతబల్ల దగ్గర కూర్చుని కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఉంది.

"చచ్చిన చేప ఇది" అంది ఆయన వైపు చూడకుండా. "ఆటలో మొద్దుని నిలబెట్టలేనిదాన్ని గుడ్డ మీద గీత ఏం నిలబెడతాను? ఇంక కత్తెర ఎవరికైనా ఇచ్చేయండి."

ఆవిడ ఏడవగా ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆసుపత్రిలో కూడా ఏడవలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన పని మధ్యలో కళ్లజోళ్ల షాపుకి వెళ్లాడు. బావమరిది అద్దం అంచు అరగదీస్తూ తలెత్తాడు.

"ఏంటి బావా, కళ్లు మసకేశాయా?"

"మీ అక్క ఆట మానేస్తానంటోంది. పడిపోతున్నానని."

"పడకపోతే అదేం ఆట బావా?"

"నీకేం, ఎన్నయినా చెబుతావు. ఆవిడ ఏడిచింది."

బావమరిది చక్రం ఆపాడు. కాసేపు అద్దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఒక ఆప్షన్ ఉంది" అన్నాడు. "చిన్నపిల్లలకీ, కొత్తవాళ్లకీ పెట్టారు. అది నొక్కితే ముల్లు ఊగుతుంది గానీ ఎర్రగీత దాటదు. చచ్చినా పడదు."

"ఊగుతుందా?"

"ఊగుతుంది. ఆడేవాళ్లకి తెలియను కూడా తెలియదు."

"ఎక్కడుంది ఆ మీట?"

"వద్దు బావా. అక్కకి తెలిసిందంటే మనిద్దర్నీ ఒకే గుడ్డలో పెట్టి కుట్టేస్తుంది."

"ఎక్కడుందో చెప్పవయ్యా."

చెప్పాడు. ఆయనకి అందులో తప్పేమీ కనబడలేదు. లిఫ్టు దవడలూ అంతే కదా. లోపలున్నవాడు ఎరక్కుండానే కాపాడతాయి. ఆ ఆదివారం ఆవిడ కునుకు తీస్తున్నప్పుడు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ మీట నొక్కాడు. నొక్కేముందు మనసులో దండం పెట్టుకున్నాడు కూడా. దేవుడు ఆ దండం ఏ లెక్కలో రాసుకున్నాడో మనకి తెలియదు.

సాయంత్రం ఆయనే బతిమాలి ఆవిణ్ణి తెర ముందు కూర్చోబెట్టాడు. మొద్దు కడ్డీ ఎక్కింది. ముల్లు ఊగింది, ఎర్రగీత దాకా పోయింది, వెనక్కొచ్చింది. మొద్దు చివరిదాకా జారి నాలుగు చక్రాల మీద దిగింది.

"ఏవండీ! చూశారా?"

"చూశాను."

"నేనే నెట్టాను. సమయానికి నెట్టాను."

ఆయన నోట మాట రాలేదు. అది సంతోషమే అనుకుంది ఆవిడ. సంతోషం కూడా ఉంది అందులో.

ఆ తర్వాత ఆ ఇంట్లో కళ తిరిగొచ్చింది. మొద్దు గొలుసులు పొడుగయ్యాయి. మెట్ల కడ్డీ మీంచి బెంచీ అంచు మీదికి, బెంచీ మీంచి వెనక చక్రాల మీద తూలుతూ కాలువ గట్టు మీదికి. ఆవిడకి లోకమంతా అలాగే కనబడసాగింది. ఆసుపత్రి గుమ్మంలో నిలబడి, "ఆ పూలతొట్టి అంచు చూశారా? అక్కణ్ణించి గెంతితే ఆ పిట్టగోడ అందుతుంది. మొద్దుకైతే రెండు క్షణాల పని" అనేది. ఫిజియోథెరపీ అమ్మాయి పడీపడీ నవ్వింది. చెయ్యి పరీక్ష చేసి, "పట్టు కొంచెం పెరిగిందమ్మా. వేళ్లు ఇంకా కుదురుకోలేదు. కత్తెర ఇప్పుడే వద్దు" అంది.

"పాపం, ఆ పిల్లకి నా ఆట సంగతి తెలియదు" అంది ఆవిడ దారిలో. ఆయన చెప్పుల వైపు చూస్తూ నడిచాడు.

ఆ రోజుల్లోనే ఆయనకి పొద్దుటి ప్రార్థన కుదరడం మానేసింది. "పడనివ్వకు" అని అడగబోతే, అడిగింది తనే ఇచ్చేశాక మళ్లీ అడగడం ఏమిటని అనిపించేది. ఆ మీట తీసేద్దామని ఒకటి రెండుసార్లు రిమోట్ చేతిలోకి తీసుకున్నాడు. తీస్తే మొద్దు పడుతుంది. ఆవిడ మొహం మళ్లీ అలా అయిపోతుంది. రిమోట్ మళ్లీ బల్ల మీద పెట్టేశాడు.

జబ్బుకి ముందు వీధి చివర బేకరీ నడిపే ఆవిడ ఒక ఉన్నిగుడ్డ ఇచ్చి కోటు కుట్టమంది. వాళ్లమ్మ దాచుకున్న గుడ్డ అది. అలాంటిది ఇప్పుడు ఎక్కడా నేయడం లేదు. ఇన్నాళ్లూ బీరువాలో ఉంది. ఒక ఉదయం ఆయన పనికి వెళ్లబోతుంటే ఆ గుడ్డ కోతబల్ల మీద పరిచి ఉంది. సుద్దగీతలు కూడా గీసి ఉన్నాయి, కొంచెం వంకరగా.

"ఇదేమిటి?"

"కోటు."

"ఇంకొన్నాళ్లు ఆగకూడదూ? ముందు పాత దుప్పటి ఏదైనా..."

"దుప్పట్లు కొయ్యడానికి దర్జీ ఎందుకండీ? నిన్న వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయాను, మొద్దుని ఒక్కసారి కింద పడేశానా? మీరే కదా పక్కన కూర్చుని చూశారు."

"చూశాను గానీ..."

"గానీ లేదు, గీనీ లేదు. మీరిలా వెనక నిలబడితే నాకు వణుకొస్తుంది. వెళ్లండి."

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. ఆయన నోరు తెరిచేలోపు ఫోను మోగింది. ఒక భవనంలో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది, లోపల మనుషులున్నారు. ఆయన పరుగెత్తాడు. దారంతా తనకి తాను చెప్పుకున్నాడు, మనుషుల ప్రాణాలు కదా, ఆగితే ఎలా అని. ఫోను మోగినందుకు లోపలెక్కడో హాయిగా అనిపించిందన్న సంగతి మాత్రం చెప్పుకోలేదు.

తిరిగొచ్చేసరికి గుడ్డ మీద కత్తెర నిలిచిపోయి ఉంది. కోత సుద్దగీత వెంబడి జానెడు బాగానే పోయి, అక్కడ పక్కకి జారి, వీపు ముక్క మధ్యలోకి దూసుకుపోయింది. దిద్దాలని చూసినట్టుంది. ఇంకో గంటు, దాని పక్కన ఇంకో గంటు.

ఆవిడ కుర్చీలో కూర్చుని ఉంది.

"ఆటలో నిలబడింది కదండీ" అంది నెమ్మదిగా. "మరి ఇక్కడెందుకు నిలబడలేదు? నా చెయ్యే నన్ను మోసం చేసింది. ఊరించి ఊరించి, నమ్మించి..."

చేతిని తిట్టడం ఆయన భరించలేకపోయాడు.

"చెయ్యి కాదు. నేను."

"మీరేంటి?"

చెప్పాడు. షాపు సంగతి, ఆదివారం సంగతి, మీట సంగతి. చెబుతుంటే అంతా చాలా చిన్న విషయంలా, పిల్లలాటలా వినిపించింది ఆయనకే. బల్ల మీద గుడ్డ మాత్రం అలా లేదు.

ఆవిడ విని లేచి లోపలికి వెళ్లింది. తలుపు ధడాల్న వెయ్యలేదు, అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. బావ మొహం చూసి, బల్ల మీద గుడ్డ చూసి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అక్కా, నాదే తప్పు. చెప్పింది నేను."

"నువ్వు చెప్పావు, ఆయన నొక్కారు. ఇద్దరూ ఇద్దరే" అంది ఆవిడ. "నేను పడితే మీ ఇద్దరికీ చూడ్డం కష్టంగా ఉంది. అందుకని నా కళ్లకి గంతలు కట్టారు. అంతేనా?"

"నువ్వు ఏడిచావని..." అన్నాడు భర్త.

"ఏడుస్తాను. నా చెయ్యి, నా ఏడుపు. అదీ మీరే చూసుకుంటారా?"

తమ్ముడు గేమ్ మెషీన్ తీగలు విప్పబోయాడు.

"దాన్ని ముట్టుకున్నావంటే వేళ్లు విరుగుతాయి" అంది ఆవిడ. "పడి ఉండనీ అక్కడ."

మర్నాడు బేకరీ ఆవిడకి కబురు పెట్టింది. భర్త తను చెబుతానన్నాడు. వద్దంది. బేకరీ ఆవిడ చేతుల పిండి తుడుచుకుంటూ వచ్చి, గుడ్డ చూసి కుర్చీలో కూలబడింది. దర్జీ ఆవిడ మీట మాట ఎత్తలేదు. "చెయ్యి ఇంకా కుదరలేదు. కుదిరిందనుకున్నాను. తొందరపడ్డాను" అంది, అంతే.

బేకరీ ఆవిడ ఆ గంట్ల మీద వేలు పెట్టి చాలాసేపు నిమిరింది.

"పర్లేదులే అనాలని ఉంది గానీ అనలేను. మా అమ్మది."

"అనొద్దు."

"ఇంకెవరికైనా ఇస్తే ఏమైనా వస్తుందా ఇందులోంచి?"

"పొట్టికోటు వస్తుంది. వెనక అతుకు పడుతుంది. మంచి దర్జీ అయితే కనబడకుండా వేస్తాడు."

బేకరీ ఆవిడ లేచింది. గుడ్డ మడిచింది. గుమ్మందాకా వెళ్లి, ఏమనుకుందో, వెనక్కొచ్చి ఆ మడత మళ్లీ బల్ల మీద పెట్టింది.

"ఇన్నాళ్లు ఆగింది. ఇంకా ఆగుతుంది. నీ చెయ్యి కుదిరాక నువ్వే వెయ్యి ఆ అతుకు. అప్పటిదాకా దీని జోలికి పోయావో, చూసుకో మరి!"

ఆవిడ వెళ్లాక దర్జీ ఆవిడ టీవీ ముందు కూర్చుంది. "రండి" అని భర్తని పిలిచింది. రిమోట్ ఆయన చేతిలో పెట్టింది. "ఎక్కడ నొక్కారో అక్కడే తీసేయండి. నేను చూస్తుండగా."

తీసేశాడు. మొద్దు కడ్డీ ఎక్కింది. ముల్లు ఊగింది, ఎర్రగీత దాటింది. దభీమని పడింది. మోకాలు తడుముకుని లేచింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ పడింది. ఆయన తల దించుకున్నాడు.

"నేల మీద ఏముంది? తెర చూడండి."

చూశాడు. చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో లిఫ్టు గోతుల్లో అన్నేళ్లు పని చేసినా ఆయనకి తెలియదు. ఆయన చెయ్యి తనకి తెలియకుండానే గాలిలో ముల్లుకి ఎదురు దిక్కుకి నెడుతోంది. ఆవిడ ఓరగా చూసి, ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"మీది మీ దగ్గర పెట్టుకోండి."

ఆ దెబ్బతో ఆయన ప్రాణం కుదుటపడింది. కోపంగా ఉన్నా కొట్టేంత దగ్గరగానే ఉంది.

పొద్దున్న ఆయన దేవుడి ఎదుట నిలబడి "ఆవిడని..." అని ఆగిపోయాడు. పడనివ్వకు అనడానికి నోరు రాలేదు, పడనివ్వు అనడానికి అసలే రాలేదు. అడిగినవన్నీ ఇచ్చేస్తే మనం ఏమైపోతామో దేవుడికి ముందే తెలుసునేమో. అందుకే కొన్నిటికి బదులు చెప్పకుండా ఊరుకుంటాడేమో. అలా అనుకుంటే కొంత ఊరట, మరి కొంత భయం. చివరికి మాటలు లేకుండానే దండం పెట్టి పనికి వెళ్లాడు.

రోజులు గడిచాయి. మొద్దు పడటం మానలేదు. కానీ ముల్లు ఎర్రగీత దగ్గరికి పోయినప్పుడు ఇప్పుడు అక్కడ ఒక చిన్న పెనుగులాట కనబడేది. వేలు దాన్ని కాసేపు ఆపేది, కొన్నిసార్లు వెనక్కి తెచ్చేది. రబ్బరు బంతి కూడా పీలికల డబ్బాలోంచి బయటికొచ్చింది. "దీనికీ ఒక ముల్లు పెడితే బాగుండేది" అని విసుక్కుంటూనే పిసికేది. ఒకరోజు మొద్దు పొట్టి కడ్డీ ఒకటి చివరిదాకా జారి, తూలి, ఎలాగో దిగింది. వచ్చిన పాయింట్లు చెప్పుకోదగ్గవి కావు. ఆవిడ కేకలు పెట్టలేదు. ఆ అంకె వైపు కాసేపు చూసి, "ఇది నాది" అంది.

ఆ ఆదివారం పాత దుప్పటి తెచ్చి కోతబల్ల మీద పరిచింది. సుద్దతో గీత గీసింది. వంకర గీతే. కత్తెర కుడిచేతిలోకి తీసుకుని భర్తని పిలిచింది.

"ఆ కొస పట్టుకోండి. పట్టుకోవడమే. లాగొద్దు, సర్దొద్దు."

"సరే."

"చెప్పొద్దు కూడా."

కత్తెర కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. గీత వెంబడి కొంత దూరం పోయి, నెమ్మదిగా పక్కకి తప్పసాగింది. ఆయన నోరు తెరిచాడు.

"చూశాను" అంది ఆవిడ.

కత్తెర వెనక్కి తీసి, చేతిని ఒకసారి విదిలించి, తప్పిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టింది. ఆయన కొస పట్టుకుని నిలబడ్డాడు.